మేతకు తోడు గుల్ల

ఇది చాలా చిన్న కథ. అమ్మ పాలలో తోడు వేసి గిన్నె మీద మూత పెట్టే లోపు అయిపోతుంది. అనగనగా ఒక అడవిలో ఒక కోడిపెట్ట మెత్తని గుడ్డు పెట్టింది. కొన్నాళ్ళకు గట్టి గుడ్డు పెట్టింది. కథ అయిపోయింది. ఇక పడుకోవచ్చు.

పడుకోరు. ఆ రెండు గుడ్ల మధ్య ఏం జరిగిందని అడుగుతారు. అది చెప్పాలంటే ఆ అడవిలో ఎవరెవరు ఉండేవారో ముందు చెప్పాలి. అక్కడే ఆలస్యం అవుతుంది.

ఆ అడవిలో ఒక పుంజు ఉండేది. పేరు తురాయి రాజు. నెత్తి మీద ఎర్రటి తురాయి తప్ప రాజుకు వేరే రాజ్యం లేదు. తాను కూస్తేనే సూర్యుడు లేస్తాడని అతని నమ్మకం. మబ్బు పట్టిన రోజున సూర్యుడి మీద అలిగి మధ్యాహ్నం దాకా ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

బండన్న అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఇప్పచెట్టు కింద రాలిన పూలన్నీ ఊడ్చి తినేవాడు. తిన్నాక పొట్ట నిమురుకుంటూ, ఈ మధ్య ఏమీ తినబుద్ధి కావడం లేదని వచ్చేపోయే వాళ్ళతో చెప్పుకునేవాడు.

ఒక కుందేలు ఉండేది. ఎవరూ తరమకపోయినా పరుగెత్తేది. తరిమేవాళ్ళు వచ్చేదాకా ఆగడం తెలివితక్కువ పని అనేది.

గంగులు అనే గొరవంక కూడా ఉండేది. అడవిలో ఏ సంగతైనా జరగకముందే గంగులుకు తెలిసేది. జరిగాక ఇంకోలా చెప్పేది. అలాంటి వాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారు. మన ఊళ్ళో ఎవరో చెప్పడం బాగుండదు. పైగా అందరికీ తెలుసు.

ఇక మన పెట్ట. ఒళ్ళంతా గోధుమరంగు పొడలు ఉండేవి కాబట్టి పొడలమ్మ అనేవారు. పొడలమ్మ కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. ఒక గింజ ముక్కున ఉండగానే కన్ను ఇంకో గింజ మీద ఉండేది. వాగుకు పోయేది. ఏదో గుర్తొచ్చి నీళ్ళు తాగకుండానే తిరిగి వచ్చేది. దాహం వేస్తోందని మళ్ళీ పోయేది. ఎవరు ఏం చెప్పినా మొదటి సగం వినేది. మిగతా సగం తానే అతికించుకునేది.

ఇప్పపూలు రాలే రోజుల్లో పొడలమ్మ కలివి పొద కింద ఎండుటాకులు పోగుచేసి గుడ్డు పెట్టింది. లేచి చూసుకుంది. గుడ్డుకు పెంకు లేదు. తడిసిన తోలుసంచిలా ఉంది. సరే, రేపటి గుడ్డు బాగుంటుందిలే అనుకుని దాని మీద కూర్చుంది. అది చితికిపోయింది.

రెండో గుడ్డుకు పెంకు ఉంది. కానీ ఉల్లిపొర అంత ఉంది. పొడలమ్మ ఈసారి ఒక కాలి మీద బరువు ఆపుకుని మెల్లగా కూర్చుంది. అదీ పగిలింది.

మూడో గుడ్డు మీద కూర్చోనే లేదు. రెక్కతో కాస్త దగ్గరికి జరుపుకుంది. అంతే. చీమలు వరస కట్టాయి.

పొడలమ్మ ఆ తడి ఆకుల పక్కన కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది. గద్ద ఎత్తుకుపోతే గద్దను తిట్టవచ్చు. పాము మింగితే పామును తిట్టవచ్చు. తన బరువుకే తన గుడ్డు పగిలితే ఎవరిని తిట్టాలి?

తురాయి రాజుతో చెప్పుకుంది. గుడ్ల సంగతి తన శాఖ కాదని, తన పని కూయడమని అతను అన్నాడు.

అసలు దిగులు వేరే ఉంది. తొలకరి పడగానే పుట్టల్లోంచి ఉసిళ్ళు లేస్తాయి. కోడిపిల్లలకు అదే మొదటి పండుగ. ఆ ఉసిళ్ళు తిని రెక్కలు తెచ్చుకున్న పిల్లలే జడివానలకు తట్టుకుంటాయి. ఆ వేళకు పిల్లలు పెంకు పగలగొట్టుకుని బయటికి రాకపోతే ఆ ఏటికి పొడలమ్మకు పిల్లలు లేనట్టే. నిరుడూ లేవు.

గొరవంక గంగులు వచ్చి పరామర్శించింది. పరామర్శ అంటే పగిలిన గుడ్లు ఎన్నో చూసుకుని పోవడం. పోతూ పోతూ, "బొమికల తాతను అడగరాదా వదినా?" అంది.

బొమికల తాత ఒక ముసలి ఏదుపంది. ఏదుపందులకు ఎండిన బొమికలు కొరికే అలవాటు ఉంది. రోజంతా దుంపలు, బెరడు తిన్నాక కాసేపు బొమిక కొరుకుతాయి. పళ్ళకూ ముళ్ళకూ కావలసిన గట్టిదనం అందులో ఉంటుంది. తాతకు చూపు ఆనదు కానీ పళ్ళు బాగా ఆనుతాయి. చిక్కు ఏమిటంటే, తాత బొమిక పక్కన పెట్టి మాట్లాడడు. ఒక మాట అంటాడు. కొరుకుతాడు. ఇంకో మాట అంటాడు. చెప్పడం పూర్తయ్యేసరికి విన్నవాళ్ళకు ఆకలి వేస్తుంది.

పొద్దు వాలే వేళ పొడలమ్మ తాత గుహ ముందు నిలబడింది. నిలబడింది అనడం మర్యాద కోసం. అటూ ఇటూ తిరిగింది.

తాత ఏం తింటున్నావని అడిగాడు. గట్టు మీది గడ్డిగింజలు అని చెప్పింది. వాగు వైపు పోయి పురుగూ నత్తా తినడం లేదా అని అడిగాడు. పోతాను కానీ అక్కడ ఆగి వెతికే తీరిక లేదంది. తాతకు అర్థమైంది.

"నీ ఒంట్లో సున్నం తగ్గింది పిల్లా. పెంకు దేనితో కట్టాలి మరి? మేతకు..." అని తాత బొమిక కొరికాడు. కరకరమంది. "తోడు గుల్ల."

పొడలమ్మ అప్పటికే వాగు దారిలో ఉంది.

తాతకు చూపు ఆనదని చెప్పాం కదా. ఎదురుగా ఉన్న బండరాయిని పొడలమ్మే అనుకుని మిగతాదంతా చెప్పాడు. రోజుకు రెండు మూడు గుల్ల పలుకులే తినాలి. గింజ మానకూడదు, పురుగు మానకూడదు. నీళ్ళు బాగా తాగాలి. గుడ్లు పెట్టే రోజుల్లోనే ఇది, మిగతా రోజుల్లో అక్కర్లేదు. కడుపు బరువెక్కితే ఆపేసి వచ్చి మళ్ళీ అడగాలి. బండరాయి కదలకుండా విన్నది. ఆ అడవిలో తాత మాట చివరిదాకా విన్నది అదొక్కటే.

పొడలమ్మ ఏం అనుకుందో చెప్పాలి. ఎండాకాలంలో వాగు ఎండితే ఇసుక తోడి చెలమ తీస్తారు. వాగు ఇసుకలో చచ్చిన నత్తల గుల్లలు ఉంటాయి. తాత మధ్యలో ఆగి బొమిక కొరికాడు కాబట్టి ఆమెకు ఆ మాట ఇలా వినిపించింది: మేతకు, తోడు గుల్ల. అంటే ఇక నీ మేత గుల్లలే, పోయి తోడుకో అని.

తోడింది. పొద్దున తోడింది, మధ్యాహ్నం తోడింది, సాయంత్రం తోడింది. గుల్లలు ముక్కుతో పొడిచి పలుకులు చేసి మింగింది. దారిలో గింజలు కనబడితే తల తిప్పుకుంది. నల్లపురుగు ఒకటి కాళ్ళ ముందే నడిచిపోతే, పోనీ బతకనీ అనుకుంది. పురుగు తన అదృష్టాన్ని నమ్మలేక రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

కొద్దిరోజులకు ఒక గుడ్డు పెట్టింది. తెల్లగా, గట్టిగా, మీద బరకబరకగా ఉంది. ముక్కుతో కొడితే టక్కుమంది. పొడలమ్మ సంతోషం అంతా ఇంతా కాదు. ఇన్ని తింటే ఇంత గట్టిదైంది, ఇంకా తింటే ఇంకెంత గట్టిదవుతుందో అనుకుంది. ఆ గుడ్డును పొదగలేదు. పొదగాలంటే కూర్చోవాలి. కూర్చుంటే గుల్లలు ఎవరు తోడతారు? గుడ్డు ఒంటరిగా ఉండటం చూసి ఒక ఉడుము వచ్చి మింగిపోయింది. మింగడానికి కాస్త కష్టపడింది.

ఈలోపు ఆ గట్టి గుడ్డును గంగులు చూసింది. చూశాక ఊరుకుంటే గంగులు ఎందుకవుతుంది?

కుందేలుతో, గుల్ల తింటే ఎముకలు ఇనుమవుతాయంది. తురాయి రాజుతో, గొంతు కంచుగంట అవుతుందంది. బండన్నతో ఏదో చెప్పబోయింది. బండన్న వినలేదు. అందరూ తింటున్నారా అని మాత్రం అడిగాడు. తింటున్నారంది. అయితే తనకూ కావాలన్నాడు.

వాగు దగ్గర తిరునాళ్ళ మొదలైంది. ఒక్కరికీ గుడ్డు పెట్టే పని లేదు. అయినా అందరూ తోడారు. బండన్న పలుకులు చేసే ఓపిక లేక గుల్లలు దోసిళ్ళతో ఎత్తి నోట్లో పోసుకున్నాడు. నాలుగు పొద్దులు గడిచేసరికి వాగు ఇసుక అంతా జల్లెడ పట్టినట్టు అయింది.

తర్వాత జరిగినవి వరసగా చెబితే సరిపోతుంది. గుల్ల అంచులు గీరుకుని తురాయి రాజు గొంతు పోయింది. ఒక తెల్లవారుజామున అతను కూయలేదు. సూర్యుడు లేచాడు. ఆ సంగతి అతను చాలాకాలం మరిచిపోలేదు. కుందేలు పొట్ట బరువెక్కి కూర్చుండిపోయింది. అదృష్టం కొద్దీ ఎవరూ తరమలేదు. బండన్నకు కడుపు కదలడం ఆగిపోయింది. ఇప్పచెట్టుకు వీపు ఆనించి, నిజంగానే ఏమీ తినబుద్ధి కావడం లేదని మూలిగాడు. ఎప్పుడూ అనే మాటే కదా అని ఎవరూ పట్టించుకోలేదు.

పొడలమ్మ చిక్కి సగమైంది. నెత్తి మీది ఎరుపు పాలిపోయింది. మెడ కింద మేత దాచుకునే తిత్తి రాయిలా బిగుసుకుంది. మెత్తని గుడ్డూ లేదు, గట్టి గుడ్డూ లేదు. అసలు గుడ్డే లేదు. ఆకాశంలో పడమటి దిక్కున ఒక చిన్న మబ్బు కనిపించింది. దాన్ని చూసి అడవిలో అందరూ సంతోషించారు. పొడలమ్మ మాత్రం ఖాళీగా ఉన్న తన పొద వైపు చూసింది.

ఈసారి తాత దగ్గరికి పోట్లాటకే పోయింది.

"నువ్వు చెప్పినట్టే చేశాను తాతా. చూడు నా గతి."

"నేనేం చెప్పాను?"

"మేతకు, తోడు గుల్ల అన్నావు."

"అన్నాను. మేతకు తోడు, గుల్ల."

"అదే కదా, తోడాను."

"ఎవరిని?"

"గుల్లల్ని."

ఇద్దరూ అవే మాటలు అటూ ఇటూ విసురుకున్నారు. తాత మాట తాతకు కరెక్టు, పొడలమ్మ మాట పొడలమ్మకు కరెక్టు. ఇలాంటి పోట్లాటలే ఎక్కువసేపు సాగుతాయి. చివరికి తాత ఒక పని చేశాడు. బొమికను నోట్లోంచి తీసి నేల మీద పెట్టాడు. చెట్టు మీద ఉన్న గంగులు కూడా ఇంతకుముందు ఆ వింత చూడలేదు.

"పిల్లా, నీకు ఒంటరిగా చీకటి దారిలో పోవాలంటే భయం. నేను తోడు వస్తానన్నాను అనుకో. నువ్వు గూట్లో కూర్చుని నన్ను ఒక్కణ్ణే పంపుతావా?"

పొడలమ్మ ఆలోచించింది. "నేను పోకపోతే నువ్వు పోయి ఏం లాభం?"

"గుల్ల కూడా అంతే. అది తోడు. గింజతో నడుస్తుంది, పురుగుతో నడుస్తుంది, నీళ్ళతో నడుస్తుంది. నువ్వు అందరినీ ఇంట్లో ఉంచి తోడును ఒక్కదాన్నే పంపావు."

అమ్మ వంటింట్లో చేసేదీ అదే. గిన్నెడు పాలకు ఒక్క చెంచా తోడు. ఆ చెంచాడు లేకపోతే పాలు పెరుగు కావు. అలాగని పాలు లేకుండా గిన్నెలో తోడు మాత్రమే వేసి మూత పెడితే, పొద్దున మూత తీసిన వాళ్ళకు ఆ చెంచాడే కనిపిస్తుంది. అదీ పులిసిపోయి.

తాత ఇంతకుముందు బండరాయికి చెప్పిన మాటలన్నీ మళ్ళీ చెప్పాడు. పొడలమ్మ ఒక కాలి మీద నిలబడింది. కాలు మార్చింది. వాగు వైపు చూసింది. చివరికి కూర్చుంది. అన్నీ విని, అన్నీ తిరిగి అప్పజెప్పింది. ఇన్నాళ్ళు గుల్లలు తోడటం కంటే ఆమెకు ఇదే ఎక్కువ కష్టమైంది.

ఆ రోజునుంచి గింజలు తిన్నది. పురుగులు తిన్నది. మొన్నటి నల్లపురుగు మళ్ళీ ఎదురైంది. ఈసారి దాని అదృష్టం బాగాలేదు. వాగు మడుగులో నీళ్ళు తాగి, దాహం తీరాకే తిరిగి వచ్చింది. నెత్తి మీదికి మెల్లగా ఎరుపు వచ్చింది. ఒక పొద్దున గుడ్డు కూడా పెట్టింది.

మెత్తని గుడ్డు.

గుల్ల కావాలి. రోజుకు రెండు మూడు పలుకులు చాలు. కానీ వాగులో గుల్ల ముక్క లేదు. పొడలమ్మ ఇసుక కెలికింది, రాళ్ళ కింద వెతికింది, మడుగు చుట్టూ తిరిగింది. దోసిళ్ళకొద్దీ ఉన్నప్పుడు కొలత తెలియలేదు. కొలత తెలిసేసరికి గుల్ల లేదు. పడమటి మబ్బు పెద్దదైంది. చీమలు తమ గుడ్లను నోట కరుచుకుని గట్టు ఎక్కుతున్నాయి. చీమల గుడ్లు కూడా పగలడం లేదని పొడలమ్మ చూసింది.

"గుల్లలన్నీ ఎటు పోయాయి గంగులూ?" అని అడిగింది.

"ఎటు పోతాయి వదినా, అందరి పొట్టల్లోకి పోయాయి," అంది గంగులు. గంగులు చెప్పినవాటిలో కల్తీ లేని నిజం ఇదొక్కటే.

సరిగ్గా ఆ వేళకు ఇప్పచెట్టు వైపునుంచి ఒక పెద్ద నిట్టూర్పు వినిపించింది. బండన్న కడుపు కదిలింది. అతను తేలికపడి, చెట్టు మొదలు పట్టుకుని లేచి, తేనె వెతుక్కుంటూ వెళ్ళిపోయాడు.

చెట్టు వెనక మిగిలినదాన్ని పొడలమ్మ చూసింది. ముందు తల తిప్పుకుంది. తర్వాత మళ్ళీ చూసింది. అందులో తెల్లతెల్లగా ఏదో మెరుస్తోంది. కాలితో ఒకసారి కెలికింది. గుల్ల పలుకులు. బండన్న ఒంటికి అవి అక్కర్లేదు. అక్కర్లేనిది ఒళ్ళు ఉంచుకోదు. ఎంత గొప్పగా మింగినా వెనకనుంచి పంపేస్తుంది.

కోళ్ళు పెంట కెలకడం కొత్త కాదు. పొడలమ్మ రెండు పలుకులు ఏరుకుని, మడుగులో కడుక్కుని మింగింది. ఇంకోటి మింగబోయి ఆగింది. చాలనుకుంది. మర్నాడు మళ్ళీ వచ్చింది. ఆ కుప్ప ఆమెకు గుడ్లు పెట్టినన్నాళ్ళూ సరిపోయింది. ఇంకా మిగిలింది.

గుడ్లు వచ్చాయి. నున్నగా ఉన్నాయి. పొడలమ్మ ఊపిరి బిగపట్టి మెల్లగా కూర్చుంది. ఏమీ చిట్లలేదు. మొదటి రోజు ఆమెకు వాగు గుర్తొచ్చింది. లేవలేదు. తర్వాత గట్టు మీది గింజలు గుర్తొచ్చాయి. పోయి గబగబా తిని వచ్చింది. ఉడుము పొద చుట్టూ తిరిగింది. పొడలమ్మ ఈకలన్నీ రేపి కూర్చున్న చోటనుంచే దాని కళ్ళలోకి చూసింది. ఉడుము వేరే పని ఉన్నట్టు నటిస్తూ వెళ్ళిపోయింది. కాళ్ళు నిలవని పొడలమ్మ అన్నాళ్ళు ఒకేచోట కూర్చుంటుందని అడవిలో ఎవరూ అనుకోలేదు. పొడలమ్మ కూడా అనుకోలేదు.

ఊరించి ఊరించి చివరికి తొలకరి పడింది. మర్నాడు సాయంత్రం పుట్టల్లోంచి ఉసిళ్ళు పొగలా లేచాయి. కలివి పొద కింద టిక్కు టిక్కుమని చప్పుడు అయింది. బయటినుంచి ఎంత బరువు పడినా పగలని పెంకులు లోపలి చిన్న ముక్కులకు పగిలాయి. పిల్లలు తడి ఈకలతో బయటికి వచ్చాయి. ఆరాక వాటి కాళ్ళు కూడా నేల మీద నిలవలేదు. తురాయి రాజు వచ్చి చూసి, తన పోలికలేనని బొంగురు గొంతుతో అన్నాడు.

ఇక్కడితో కథ అయిపోవాలి. కానీ గుడ్లు పెట్టే రోజుల్లో పొడలమ్మ రోజూ ఇప్పచెట్టు వెనక్కి పోయి రావడం గంగులు చూసింది, అందరికీ చెప్పింది.

చుట్టుపక్కల వాళ్ళు పొడలమ్మ దగ్గరికి వచ్చి రహస్యం అడిగారు. ఆమె దాచలేదు. "బండన్న పెంటలో దొరికింది నాకు తక్కువైన గుల్లే, మీకు తక్కువ లేనప్పుడు..." అని మొదలుపెట్టింది. తల ఎత్తి చూసేసరికి అక్కడ ఎవరూ లేరు. మొదటి సగం విని వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున బండన్న తేనెకు బయలుదేరాడు. అతని వెనక కుందేలు నడిచింది. కుందేలు వెనక తురాయి రాజు నడిచాడు. తురాయి రాజు వెనక ఇంకా చాలామంది నడిచారు. తనను అడవికి పెద్దగా ఎన్నుకున్నారని బండన్న అనుకున్నాడు. ఆ రోజునుంచి కాస్త ఛాతీ విరుచుకుని నడవసాగాడు.

నీతి: ఒంటికి నిజంగా లోటు ఉన్నప్పుడు బలానికి వేసుకునేవి మేలు చేస్తాయి; కానీ అవి తిండికి తోడు మాత్రమే, తిండి కావు. తెలిసినవాళ్ళను అడగాలి, వాళ్ళు చెప్పేది చివరిదాకా వినాలి, చెప్పిన కొలత దాటకూడదు. లోటు లేకుండా మింగింది ఎటు పోతుందో ఇప్పచెట్టును అడిగితే చెబుతుంది.